బతికి వచ్చినవాళ్లకు మనం ఏం చెబుతున్నాం?

శామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడితే పొద్దున్నే హకీంపేట విమానాల చప్పుడు వినిపిస్తుంది. అవి శిక్షణ విమానాలు. లేస్తాయి, చుట్టు తిరుగుతాయి, మళ్లీ దిగుతాయి. ఈ పక్క మేడ్చల్ నుంచి ఆ పక్క తూంకుంట దాకా ఉన్న తండాల పిల్లలు ఆ చప్పుడులోనే పెరుగుతారు. ఏ బడికి వెళ్లి "పెద్దయినాక ఏమైతవు?" అని అడిగినా, "పైలట్ అయిత సార్" అనేవాడు ఒక్కడైనా ఉంటాడు.

మాలో కొందరం ఈ ప్రాంతపు బడుల్లో, హాస్టళ్లలో చదువు చెప్పేవాళ్లం. మాలో ఒక సాంఘికశాస్త్రం టీచర్ రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెబుతూ, జపాన్ వాళ్లు చివరి రోజుల్లో బాంబు కట్టిన విమానాలతో సహా శత్రువుల ఓడల మీద పడి చనిపోయే దళాలను తయారు చేశారని చెప్పాడట. అప్పుడు వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి అడిగాడు: "సార్, వాళ్లల్ల ఎవలన్న చావకుంట తిరిగొస్తే ఏం జేసేటోళ్లు?"

టీచర్ జవాబు చెప్పేలోపే ఇంకో పిల్లవాడు అందుకున్నాడు: "సిగ్గుతోని వాళ్లే సచ్చిపోతరు గద సార్."

తరగతిలో ఎవరూ నవ్వలేదు. అదే సహజమైన జవాబు అన్నట్టు అందరూ ఊరుకున్నారు. మా సమావేశంలో ఆ టీచర్ ఈ మాట చెప్పినప్పుడు మాకు మొదటి ప్రశ్న కంటే రెండో పిల్లవాడి జవాబే ఎక్కువ భయం పుట్టించింది. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ జవాబు ఎక్కడ దొరికింది? జపాన్ గురించి వాడికి ఏమీ తెలియదు. అంటే అది మన దగ్గరే దొరికింది. మన పాటల్లో, మన సభల్లో, మన ఫ్లెక్సీల్లో దొరికింది. ఈ వ్యాసం ఆ ఇద్దరు పిల్లలకూ కలిపి మేము ఇస్తున్న జవాబు.

దిగడానికి చక్రాలు లేని విమానం

మొదట పిల్లవాడు అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం.

1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్ దగ్గర జపాన్ ఈ దాడులు మొదలుపెట్టింది. అప్పటికే యుద్ధం ఓడిపోతున్నదని పైవాళ్లకు తెలుసు. 1945 ఆగస్టులో లొంగిపోయేదాకా సుమారు 3,800 మంది పైలట్లు ఈ విధంగా చనిపోయారు. చాలామంది ఇరవై ఏళ్లు అటూ ఇటూ వయసువాళ్లు. కాలేజీల నుంచి నేరుగా తీసుకొచ్చినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లంతా స్వచ్ఛందంగా ముందుకొచ్చారని ప్రభుత్వం చెప్పింది. తోటివాళ్లంతా చేయెత్తిన చోట ఒక్కడు ఎత్తకుండా నిలబడడం ఎంత కష్టమో ఏ హాస్టల్ పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు.

ఈ పనికోసమే ఒక విమానం చేశారు. దాని పేరు ఓకా. పెద్ద విమానం కడుపు కింద కట్టి తీసుకెళ్లి గాలిలో వదిలేవారు. దానికి దిగడానికి చక్రాలు ఉండవు. ఎక్కినవాడు తిరిగి రాకూడదన్న నిర్ణయం దాన్ని తయారు చేసినప్పుడే జరిగిపోయింది. హకీంపేటలో లేచే శిక్షణ విమానంలో పైలట్ కూర్చునే సీటుకు, ప్రమాదం వస్తే అతన్ని బయటికి విసిరి పారాచూట్‌తో దించే ఏర్పాటు ఉంటుంది. విమానం పోయినా మనిషి బతకాలని ఆ సీటు చేసినవాళ్లు అనుకున్నారు. అలాంటి సీట్లు తయారు చేసే బ్రిటిష్ కంపెనీ ఒకటి, ఆ సీటు వల్ల బతికి బయటపడిన పైలట్లను ఒక క్లబ్బులో చేర్చుకుని మెడకు కట్టుకునే టై బహుమతిగా ఇస్తుంది. బతికి రావడాన్ని అక్కడ పండుగ చేసుకుంటారు. ఓకా విమానమైనా, ఈ సీటైనా, తయారైన ఇనుము చూస్తేనే ఆ సమాజం మనిషికి ఏం విలువ కట్టిందో తెలిసిపోతుంది.

అయినా జపాన్ పైలట్లలో తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారు. అప్పటికి వాళ్లకు మిగిలిన విమానాలు పాతవి. దారిలో ఇంజన్ ఆగేది. మబ్బు పట్టి దారి కనబడేది కాదు. వెతికిన ఓడ దొరికేది కాదు. అలా వెనక్కి తిరిగినవాళ్లను సైన్యంలో ఒక విభాగం ఫుకువోకా నగరంలో ఒక భవనంలో పెట్టింది. దాన్ని షింబు వసతిగృహం అన్నారు. బయటివాళ్లతో కలవనిచ్చేవారు కాదు. పిరికివాళ్లని తిట్టేవారు, కొట్టేవారు. చక్రవర్తి సైనికులకు ఇచ్చిన ఆదేశాలను పదేపదే రాయించేవారు. చనిపోయిన దేవుళ్లని ఊరంతా చెప్పుకుంటున్న దళంలో బతికున్న మనుషులు కనబడితే ఆ కథ చెడిపోతుంది. అందుకే వాళ్లను దాచారు.

ససాకి తొమోజి అనే యువకుడి సంగతి ఇంకా విచిత్రం. హొక్కైడో దీవికి చెందిన ఇరవై ఒక్క ఏళ్ల పైలట్. అతని దళ నాయకుడికి ఈ పద్ధతే నచ్చలేదు. విమానానికి కట్టిన బాంబును కిందికి వదలడానికి వీలుగా ఆ నాయకుడు మార్పు చేయించాడు. ససాకి బాంబు వేసి వెనక్కి వచ్చాడు. మళ్లీ పంపారు, మళ్లీ వచ్చాడు. అలా తొమ్మిదిసార్లు. మొదటిసారే అతను చనిపోయాడని పైవాళ్లు ప్రకటించేశారు. పదోన్నతి ఇచ్చారు. సొంత ఊళ్లో అంత్యక్రియలు కూడా జరిగిపోయాయి. బతికి ఉన్నవాణ్ని, కాగితం మీద రాసింది నిజం కావడం కోసం మళ్లీ మళ్లీ చావమని పంపారు. "ఓడను ముంచితే చాలదా, నేను చావడం ఎందుకు?" అన్నది అతని వాదన. యుద్ధంలో పైలట్ పని శత్రువును దెబ్బకొట్టడమే అయితే, ఆ మాటకు బదులు లేదు.

ఆ దళాలను ఫిలిప్పీన్స్ నుంచి సాగనంపిన జనరల్ పేరు తొమినాగా. 1945 జనవరిలో ఆయన తన సేనను అక్కడే వదిలి తైవాన్‌కు విమానమెక్కి వెళ్లిపోయాడు. ఆయన 1960 దాకా బతికాడు. ససాకి 2016 దాకా బతికాడు. ఈ ఇద్దరిలో పిరికివాడు ఎవరో మా బడి పిల్లలు చెప్పగలరు.

యుద్ధం అయిపోయాక ఇంకో తిరగలి తిరిగింది. నిన్నటిదాకా దేవుళ్లన్న నోళ్లే, బతికి ఇళ్లకు వచ్చిన ఆ దళాల యువకులను 'తొక్కో కుజురే' అన్నాయి. చెడిపోయిన ఆత్మాహుతివాడు అని అర్థం. చావనందుకు మొదట సైన్యం తిట్టింది. చావడానికి ఒప్పుకున్నందుకు తర్వాత ఊరు తిట్టింది. మధ్యలో ఆ కుర్రవాడు మాత్రం ఒక్కడే.

మన అడవిలో బతికినవాళ్లు

ఇది దూరదేశపు కథ అని ఊరుకుంటే మనకు తేలికే. మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో దాడి జరిగింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆ దాడుల్లో ముందు నిలిచినవాళ్లు గాం గంటందొర, గాం మల్లుదొర అనే అన్నదమ్ములు. గూడెం ప్రాంతపు ఆదివాసీలు. రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టిన అధికారి మీద, పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టం మీద వాళ్లకున్న కోపమే ఆ తిరుగుబాటుకు పునాది. 1924 మేలో రాజును చంపారు. ఆ తర్వాత కొద్దికాలానికే గంటందొరనూ చంపారు. మల్లుదొర మాత్రం అంతకు ముందే, 1923లో పట్టుబడ్డాడు. అతన్ని అండమాన్‌కు పంపారు. ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి తిరిగి వచ్చాడు.

1952లో మొదటి లోక్‌సభ ఎన్నికలు వచ్చినప్పుడు విశాఖపట్నం నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా ఆ మల్లుదొరే గెలిచి పార్లమెంటుకు వెళ్లాడు. తుపాకీ పట్టిన చేత్తోనే పార్లమెంటు రిజిస్టరులో సంతకం పెట్టాడు. మన చరిత్రలో ఇది ఎంత పెద్ద విషయం! కానీ మా యువకుల్లో పదిమందిని అడిగితే అల్లూరి పేరు పదిమందికీ తెలుసు, గంటందొర పేరు నలుగురికి తెలుసు, మల్లుదొర పేరు ఒక్కరికి తెలిస్తే గొప్ప. తెలిసినవాళ్లు కూడా "ఆయన దొరికిపోయిండు" అనే చెబుతారు. "తిరిగొచ్చి పార్లమెంటుకు పోయిండు" అని చెప్పరు. అన్నదమ్ములిద్దరూ ఒకే అడవిలో, ఒకే పోరాటంలో ఉన్నారు. ఒకరికి తూటా తగిలింది, ఒకరికి సంకెళ్లు పడ్డాయి. దాంట్లో వాళ్ల ఎంపిక ఎంత? ఏ పొద చాటున ఎవరు ఉన్నారన్నదే కదా తేడా.

జోడేఘాట్ సంగతీ అంతే. 1940లో కొమురం భీం నేలకొరిగాడు. ఆయన సహచరుడు కుమ్రం సూరు బతికాడు, ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. కాల్పుల నుంచి బయటపడ్డ సూరు వంటివాళ్లు ఆ గుట్టల్లో ఊరూరా చెప్పబట్టే భీం ఏం అడిగాడో, ఎందుకు నిలబడ్డాడో మనదాకా వచ్చింది. పోలీసు కాగితాల్లో ఉన్నది దొంగల ముఠా నాయకుడు. సూరు నోట్లో ఉన్నది భీం. బతికినవాడు లేకపోతే అమరుడికి కథే ఉండదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో జరిగిన కాల్పులకూ ఇదే వర్తిస్తుంది. స్తూపం చనిపోయినవాళ్లను గుర్తుచేస్తుంది. ఆ రోజు ఏం జరిగిందో చెప్పగలిగింది మాత్రం ఒంట్లో తూటా గాయంతో గూడేలకు తిరిగొచ్చినవాళ్లే.

మన తండాలో బతికినవాడు

ఇప్పుడు ఇంకా దగ్గరికి వద్దాం. రాయడానికి మాకు కష్టంగా ఉన్న భాగం ఇదే.

2009 నవంబరు నుంచి తెలంగాణ ఉద్యమం రగిలిన రోజుల్లో ఎంతోమంది యువకులు రాష్ట్రం కోసమని ప్రాణాలు తీసుకున్నారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షల రూపాయలు ఇస్తామని కొత్త ప్రభుత్వం ప్రకటించింది. 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున అమరుల స్మారకం ప్రారంభమైంది. ఇవన్నీ జరగవలసినవే. వాటి మీద మాకు ఏ పేచీ లేదు.

కానీ ఆ రోజుల్లో చావబోయి బతికినవాళ్లు ఏమయ్యారు?

మాకు తెలిసిన ఒకతను శామీర్‌పేట పక్క తండావాడు. పేరు రాయడం లేదు. అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ప్రాణం తీసుకోబోయాడు, ఆస్పత్రిలో నెలల తరబడి ఉండి బతికాడు. చదువు ఆగింది. ఒక చెయ్యి సరిగ్గా లేవదు. ఇప్పుడు ఒక కంపెనీ గేటు దగ్గర రాత్రి వాచ్‌మన్. ఏటా జూన్ 2న ఊళ్లో జెండా ఎగరేస్తారు, ఫొటోలకు దండలు వేస్తారు. అతను బిడ్డను ఎత్తుకుని జనం వెనక నిలబడి చూసి వస్తాడు. ఎవరూ స్టేజీ మీదికి పిలవరు. పిలిస్తే ఏమని పరిచయం చెయ్యాలో ఎవరికీ తెలియదు. ఊళ్లో అతనికి ఒక పేరుంది: 'బతికిపోయినోడు'.

ఒకసారి అతను మాతో అన్నాడు: "అన్నా, నేను సచ్చిపోతే మా ఇంట్ల ఫొటో ఉండు. మా యాడికి పైసలొచ్చు. బతికినందుకు కేసొచ్చింది." నవ్వుతూనే అన్నాడు. మాకు నవ్వు రాలేదు.

కేసు అన్నమాట అబద్ధం కాదు. పాత శిక్షాస్మృతిలో 309 సెక్షన్ ఉండేది. ప్రాణం తీసుకోబోయి బతికినవాడికి ఏడాది దాకా జైలు వేయవచ్చని అందులో ఉంది. అంటే ఒకే పని చేసిన ఇద్దరిలో చనిపోయినవాడు అమరుడు, బతికినవాడు ముద్దాయి. 1994లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లదన్నది. 1996లో అదే కోర్టు ఇంకో తీర్పులో చెల్లుతుందన్నది. చివరికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని మార్చింది. అలాంటి ప్రయత్నం చేసినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించకూడదని, వాళ్లకు వైద్యం, సంరక్షణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్‌నే పెట్టలేదు. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం గోడ పక్క నుంచే రోజూ మన పిల్లలు బడికి వెళతారు. చట్టం మారిందన్న సంగతి ఆ గోడ దాటి మన తండాలకు ఇంకా రాలేదు. చట్టం మారినా ఊరి నాలుక మారలేదు.

ఎందుకు ఓర్వలేకపోతున్నాం?

బతికి వచ్చినవాణ్ని చూస్తే సమాజానికి ఎందుకు ఇబ్బంది? మేము నాలుగైదు కూర్పులు కూర్చుని మాట్లాడుకుంటే మూడు కారణాలు తేలాయి.

మొదటిది, చనిపోయినవాడు ఏమీ అడగడు. ఏటా ఒక దండ, ఒక ఉపన్యాసం చాలు. బతికినవాడికి మందులు కావాలి, పని కావాలి, బిడ్డకు బడి ఫీజు కావాలి. రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే వినేవాళ్లు కావాలి. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నారు పెద్దలు. బతికినవాడి కళ్లు ఎంతవో మనం కొలవం. కొలిస్తే మనమే ఏదైనా చెయ్యాల్సి వస్తుంది.

రెండోది, బతికినవాడు నిజం చెబుతాడు. చనిపోయినవాడి మాటలు మనకు కావలసినట్టు మనమే రాసుకోవచ్చు. భయం లేకుండా, నవ్వుతూ పోయాడని చెప్పవచ్చు. తిరిగి వచ్చినవాడు మాత్రం "నాకు భయమేసింది, అమ్మ గుర్తొచ్చింది, చివర్ల బతకాలనిపించింది" అంటాడు. ఈ ఒక్క మాట మొత్తం పోస్టర్‌ను చింపేస్తుంది. జపాన్ సైన్యం ఆ కుర్రవాళ్లను ఫుకువోకాలో తాళం వేసి పెట్టింది ఈ మాట బయటికి రాకుండానే.

మూడోది, పంపినవాళ్ల మనసులో ఉన్న ముల్లు. ఉద్యమ సభల్లో చావును పొగిడి పాట పాడినప్పుడు చప్పట్లు కొట్టిన చేతుల్లో మా చేతులూ ఉన్నాయి. మేమెవరినీ చావమని చెప్పలేదు, నిజమే. కానీ చచ్చినవాళ్లకే దండలు వేస్తూ పోతే వినే ఇరవై ఏళ్లవాడికి ఏం అర్థమవుతుంది? గేటు దగ్గర నిలబడ్డ ఆ వాచ్‌మన్‌ను చూసినప్పుడు మాకు ఆ చప్పట్లు గుర్తొస్తాయి. అతన్ని తప్పించుకుని తిరగడం మా సిగ్గును తప్పించుకోవడమే. ఆ సిగ్గును ఇన్నాళ్లూ అతని మీద వేశాం.

ఎదురు ప్రశ్నలు

మా సమావేశంలోనే మాకు రెండు ఎదురు ప్రశ్నలు వచ్చాయి. రెండూ న్యాయమైనవే.

ఒకటి: "ఇట్లంటే అమరుల విలువ తగ్గదా?" తగ్గదని మా నమ్మకం. ఆలోచించండి, అమరుడు ప్రాణం దేనికోసం ఇచ్చాడు? తనవాళ్లు బతకాలని. భీం అడిగింది నీళ్లు, అడవి, నేల మీద హక్కు. అవి చచ్చినవాళ్లకు అవసరం లేదు. చావే గొప్పదైతే బతికేవాళ్ల కోసం పోరాడడం ఎందుకు? అమరుణ్ని గౌరవించడం అంటే అతను ఎవరి కోసం పోయాడో వాళ్లను బతికించుకోవడం. దాంట్లో మొట్టమొదటి మనిషి, అతని పక్కనే నిలబడి బతికి వచ్చినవాడు.

పోరాటంలో శత్రువు తూటాకు పోవడం వేరు, తన ప్రాణం తానే తీసుకోవడం వేరు. అల్లూరి గానీ, భీం గానీ బతకడానికే పోరాడారు. చివరి ఘడియ దాకా గెలిచి తిరిగి రావాలనే చూశారు. చావును వాళ్లు వెతుక్కోలేదు. ఉద్యమంలో ప్రాణాలు తీసుకున్న మన పిల్లల బాధను మేము తక్కువ చెయ్యం. కానీ ఆ దారిని గొప్ప దారి అని చెప్పలేం. ప్రతి ఒక్కరూ ఇవాళ బతికి ఉండి ఉంటే ఈ రాష్ట్రానికి ఇంకా ఎక్కువ పనికొచ్చేవాళ్లు.

రెండో ప్రశ్న: "మరి నిజంగా భయపడి పారిపోయినవాడు ఉంటే? వాడికీ దండ వెయ్యాల్నా?" ఇక్కడ రెండు మాటలను విడదీసి చూడాలి. ద్రోహం వేరు, భయం వేరు. తోటివాళ్ల జాడ చెప్పి డబ్బు తీసుకున్నవాడు ద్రోహి. వాడి సంగతి వేరే. భయపడ్డవాడు మాత్రం మనిషి. వేటకు పోయిన రోజు ఉత్త చేతులతో వచ్చినవాడికి కూడా వాటా పెట్టే అలవాటు ఆదివాసీ గూడేలది. "నువ్వెందుకు కొట్టలేదు?" అని అడిగి వాటా తగ్గించరు. వచ్చినవాడికి ఆకలి ఉంటుందని వాళ్లకు తెలుసు. దండ అక్కర్లేదు, వాటా మాత్రం తప్పదు.

ఇంకొక మాట. "బతికుంటే బలుసాకు తినొచ్చు" అన్న సామెతను మనం చాలాసార్లు పిరికివాణ్ని వెక్కిరించడానికి వాడుతాం. కరువు రోజుల్లో ఆకూ అలమూ తిని పిల్లల్ని బతికించిన అమ్మమ్మల నోట విన్నప్పుడు ఆ సామెతలో వెక్కిరింత ఉండదు. వాళ్లు బలుసాకు తిన్నారు కాబట్టే మనం ఇవాళ ఈ పుస్తకం చదువుతున్నాం.

బడిలో ఏం చెయ్యాలి?

ఇది పాత యుద్ధాల గురించిన మాట మాత్రమే కాదు. మేడ్చల్ చుట్టుపక్కల కాలేజీ హాస్టళ్లలో మన తండాల నుంచి, ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లలు ఎందరో ఉన్నారు. ఊరు ఊరంతా బస్సు ఎక్కించి, "గెలిచి రా బిడ్డా" అని పంపుతుంది. "గెలవకున్నా రా" అని ఎవరూ అనరు. ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతి ఏప్రిల్‌లో మన గుండెలు చేతిలో పట్టుకుని కూర్చుంటాం. 2019లో ఫలితాల తర్వాత రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఆ పిల్లల చేతిలో ఏ బాంబూ లేదు. కానీ తిరిగి రావడానికి దారి లేదని వాళ్లకు ఎవరో నమ్మకంగా చెప్పారు. చక్రాలు లేని విమానం ఎక్కించి పంపడమంటే ఇదే.

అందుకే టీచర్లుగా మేము కొన్ని పనులు చెయ్యాలనుకున్నాం. మీరూ చెయ్యండి.

అల్లూరి జయంతి నాడు మల్లుదొర గురించి కూడా చెబుదాం. భీం వర్ధంతి నాడు సూరు పేరు కూడా చెబుదాం. జూన్ 2న ఊళ్లో బతికి ఉన్న ఉద్యమకారుణ్ని, గాయపడ్డవాణ్ని, జైలుకు పోయినవాణ్ని పిలిచి కుర్చీ వేద్దాం. మాట్లాడమని బలవంతం చెయ్యొద్దు. కుర్చీ చాలు.

ప్రాణం తీసుకోబోయి బతికిన పిల్లవాడు బడికి తిరిగొస్తే "ఎందుకు చేసినవ్?" అని నలుగురిలో అడగొద్దు. పక్కన కూర్చుని, "వచ్చినవ్, మంచిగైంది" అనాలి. ఆ ఒక్క మాట కోసం వాడు ఎదురుచూస్తుంటాడు. మనసు బాగాలేదని ఏ పిల్లవాడైనా చెబితే వినాలి, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ప్రతి తరగతి గోడ మీద అది రాసి పెడదాం. టీచర్లకూ అది పనికొస్తుంది.

యువకులకు ఒక మాట. మీ ప్రాణం అడిగే నాయకుడు ఎవరైనా ఉంటే, ఆయన విమానానికి చక్రాలున్నాయా అని చూడండి. ఆయన తిరిగొచ్చే దారి పెట్టుకుని మీకు మాత్రం లేకుండా చేస్తుంటే ఎక్కకండి. చెయ్యెత్తని ఒక్కడిగా నిలబడడానికి కావలసిన ధైర్యం, ఎక్కేవాడి ధైర్యానికి తక్కువేమీ కాదు.

ఆ పిల్లవాడికి

మా తండాల్లో ఒక అలవాటు ఉంది. చాలా రోజుల తర్వాత అయినవాళ్లు కలిస్తే ముసలమ్మలు మెడ పట్టుకుని, రాగం తీసి ఏడుస్తారు. బయటివాళ్లు చూసి ఎవరో చనిపోయారనుకుంటారు. అది చావు ఏడుపు కాదు. నువ్వు లేని రోజుల్లో మాకు ఏమేం జరిగిందో, నీకోసం ఎట్లా చూశామో ఆ రాగంలోనే చెబుతారు. వచ్చినవాడు గెలిచి వచ్చాడా, ఓడి వచ్చాడా అని ముందు అడగరు. ముందు మెడ పట్టుకుంటారు.

ఆ వాచ్‌మన్ తమ్ముడు మాకు చెప్పిన సంగతి ఇది. అతను ఆస్పత్రి నుంచి తండాకు వచ్చిన రోజు ఊళ్లో మగవాళ్లు ఏం మాట్లాడాలో తెలియక వేపచెట్టు కిందే నిలబడిపోయారట. వాళ్ల నాయనమ్మ ఒక్కతే కర్ర పట్టుకుని లేచి వచ్చి, గాయం తగలకుండా మెల్లగా అతని మెడ పట్టుకుని రాగం తీసింది. "ఆ రోజు ఆమె ఏడవకపోతే మా అన్న మళ్లా బతికేటోడు కాదు" అన్నాడు తమ్ముడు. ఆమెకు ఏ చట్టమూ తెలియదు, జపాన్ ఎక్కడుందో తెలియదు. తెలియవలసింది మాత్రం తెలుసు.

మొన్న జూన్‌లో ఆ టీచర్ అదే తరగతికి మళ్లీ వెళ్లి, వెనక బెంచీ పిల్లవాడి ప్రశ్నను బోర్డు మీద రాశాడు: తిరిగొస్తే ఏం చేస్తారు? పిల్లలంతా ఆలోచనలో పడ్డారు. సిగ్గుతో చచ్చిపోతారని అన్న పిల్లవాడే చాలాసేపటికి చెయ్యెత్తాడు.

"ఇంట్లకు రమ్మంటరు సార్," అన్నాడు. "అన్నం పెడతరు."